ఎనిమిది గంటల పాఠంలో లేని మాట

లారెల్ గ్యాప్ పోస్టాఫీసు ముందు నాలుగు కార్లు ఆగేంత జాగా ఉంది. వెర్నా కాడిల్ మాత్రం ఎప్పుడూ అక్కడ ఆపదు. రోడ్డుకు ఇవతల, మూతబడిన బూట్ల కొట్టు ముందు ఆపుతుంది. పోస్టాఫీసు లోపలే కాదు, దాని ఆవరణలో కూడా తుపాకీ ఉండకూడదని చట్టం. అందుకని ఇవతలే ఆగి, చొక్కా చాటున నడుముకున్న పిస్తోలును తోలు ఒరతో సహా తీసి, సీటు కింద గొలుసుతో బిగించిన ఇనప పెట్టెలో పెట్టి, తాళం వేసి, అప్పుడు రోడ్డు దాటుతుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. కుండపోతగా వాన కురుస్తున్నా ఇదే వరస.

ఆ బుధవారం మధ్యాహ్నం కూడా కారు ఆపి, చొక్కా అంచు కిందికి చెయ్యి పోనిచ్చింది. మెత్తటి నడుము తగిలింది. ఇంకేమీ తగల్లేదు.

జారి సీటు మీద పడిందేమోనని వెతికింది. సీటు కింద చూసింది. వంగినప్పుడు కడుపు మీది కుట్లు చురుక్కుమన్నాయి. ఆ నొప్పితో పాటే అంతా కళ్ల ముందుకొచ్చింది. డెల్మర్ హోటల్ బాత్రూమ్. చేతులు కడుక్కునే తొట్టి పక్కన, గోడకు బిగించిన, చేతులు తుడుచుకునే కాగితం చుట్ట డబ్బా. దాని పైన చదునుగా ఉన్న రేకు. ఆ రేకు మీద తన చేత్తో తనే పెట్టింది.

పిత్తాశయం తీసేసి ఇంకా మూడు వారాలు కాలేదు. బెల్టు బిగించొద్దని డాక్టరు చెబితే సాగే నడుం పట్టీ ఉన్న ప్యాంట్లు కొనుక్కుంది. ఆ పట్టీ తుపాకీ బరువును ఆపలేదు. ప్యాంటు కిందికి దించితే ఒర పక్కకి ఒరిగి నేల మీద పడేలా ఉంటుంది. ఒక్క నిమిషమేగా అనుకుని తీసి డబ్బా మీద పెట్టింది. తర్వాత చేతులు కడుక్కుంది, అద్దంలో జుట్టు సరిచేసుకుంది, బయటికొచ్చి చిక్కుడు గింజల్లో ఉప్పు ఎక్కువైందని డెల్మర్‌తో హాస్యమాడి వెళ్లిపోయింది.

అరగంట అయింది. భోజనాల వేళ. ఆ హోటల్‌లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ పిల్లలకూ కలిపి ఉన్నది ఆ ఒక్క బాత్రూమే.

పోస్టు చెయ్యాలని తెచ్చిన ఉత్తరం పక్క సీటు మీద పడేసి కారు వెనక్కి తిప్పింది. ఏటి పక్క రోడ్డు, ఆరు మైళ్లు. ముందు ఒక బొగ్గు లారీ నత్తలా పోతోంది. దాన్ని దాటే వీలు లేదు. వెర్నా ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగే నర్సుగా చేసింది. కొండ సందుల్లో ఎవరిల్లు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆ రోజు మాత్రం ఆమెకు ఒక్కటే కనిపిస్తోంది: భోజనానికి కూర్చున్నప్పుడు చుట్టూ ఎవరెవరున్నారో. కరెంటు స్తంభాలు ఎక్కే కుర్రాళ్లు ఇద్దరు. పాస్టరుగారి భార్య. ఎత్తు కుర్చీలో చంటివాడు. వంటగది తలుపు పక్క బల్ల దగ్గర రంగు పెన్సిళ్లతో గీసుకుంటున్న చిన్న పిల్ల. ఆ పిల్ల ఎవరో వెర్నాకు తెలుసు. ఆ పేరు మాత్రం మనసులో కూడా పలకలేదు.

హోటల్ ముందు గుంపు లేదు, అంబులెన్సు లేదు. లోపల గిన్నెల చప్పుడు మామూలుగానే ఉంది. బాత్రూమ్ తలుపు మీద 'పాడైంది' అని రాసిన కాగితం అంటించి ఉంది. తలుపు ముందు కాఫీ కూజా పట్టుకుని, హోటల్లో వడ్డించే మార్లా స్పర్లాక్ నిలబడి ఉంది.

"ఏమన్నా మర్చిపోయారా, మిస్ వెర్నా?" అంది మార్లా, అందరికీ వినబడేట్టు.

"గొడుగు," అంది వెర్నా. నోటికి అదే వచ్చింది.

వంటగది కిటికీలోంచి డెల్మర్ తల బయటపెట్టాడు. "ఎండ పేలిపోతుంటే గొడుగేంటండీ? ఉప్పెక్కువని తిట్టిపోయిన మనిషి అరగంటలో మళ్లీ వచ్చిందంటే, నా వంట కోసం కాదూ?"

"నీ వంట కోసం వచ్చేంత పాపం ఏం చేశానయ్యా," అంది వెర్నా. కరెంటు కుర్రాళ్లు నవ్వారు. తన గొంతు తనకే వేరే ఎవరిదో అనిపించింది.

మార్లా సామాన్ల గదిలోకి దారి తీసింది. వెర్నా లోపలికి రాగానే తలుపు గడియ పెట్టింది. పిండి బస్తాల పైన, అన్నిటికన్నా ఎత్తు అరలో ఉన్న ఇనప మూకుడు దించింది. అందులో, తుండు గుడ్డ కింద, వెర్నా పిస్తోలు ఉంది. తూటాలుండే మ్యాగజైన్ లేదు. పై భాగం వెనక్కి లాగి ఉంది. గొట్టం ఖాళీగా ఉందని చూడగానే తెలుస్తోంది.

"ఎవరన్నా చూశారా?" అని అడిగింది వెర్నా.

మార్లా ఆమె వంక చూసింది. "అదా మీ మొదటి మాట?"

వెర్నా చూపు మూకుట్లోకి దించింది.

"జూనీ చూసింది," అంది మార్లా. జూనీ ఆమె కూతురు. మొన్న మార్చిలో ఐదు నిండాయి. "లోపలికెళ్లి వెంటనే వచ్చేసింది. 'అమ్మా, నేను చేతులు కడుక్కోలేదు, తిట్టకు. సబ్బు పక్కన తుపాకీ ఉంది' అంది. తిడతానని భయం దానికి. చేతులు కడుక్కోలేదని తిడతానని!"

బస్తా మీద కూర్చుంది వెర్నా. 

"మీరు నేర్పినట్టే చేశా," అంది మార్లా. "తలుపేశా. మూతి గోడ వైపు తిప్పా. మీట మీద వేలు పెట్టలేదు. మ్యాగజైన్ తీశా, గొట్టంలోదీ తీశా, రెండుసార్లు వేలు పెట్టి చూశా. చేతులు కొంచెం కూడా ఒణకలేదు. తర్వాత ఒణికాయి. ఆ తొట్టి పట్టుకుని నిలబడ్డా." జేబులోంచి మ్యాగజైన్, విడి తూటా తీసి మూకుట్లో వేసింది. ఠంగుమంది. "ఇప్పుడు చెప్పండి. నన్ను ఎన్ని నెలలు ఆగమన్నారు మీరు?"

"ఆరు."

"మరి మిమ్మల్ని ఎన్ని నెలలు ఆపాలి?"

ఈ ఆరు నెలల సంగతి జరిగి నెల తిరగలేదు. దాచిన తుపాకీతో తిరగాలంటే ముందు ఎనిమిది గంటల పాఠం వినాలి, తర్వాత ఏడు గజాల దూరం నుంచి గురి బొమ్మ మీద ఇరవై తూటాలు కాల్చాలి, పదకొండు తగలాలి. పాఠం చెప్పి, కాల్పులు చూసి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది లారెల్ గ్యాప్‌లో వెర్నాయే. మార్లాకు పద్దెనిమిది తగిలాయి. ఆ పూట అందరికన్నా ఎక్కువ. ఆఖరి గుండు బొమ్మ గుండెలో దిగబడగానే పట్టలేని సంతోషంతో "చూశారా?" అంటూ వెనక్కి తిరిగింది, చేతిలో పిస్తోలుతో. వరసలో నిలబడ్డ ఆరుగురి ఛాతీల మీదుగా ఆ పిస్తోలు మూతి పోయింది. వెర్నా అరిచిన అరుపుకు కొండ అవతల కుక్కలు మొరిగాయి. పద్దెనిమిది తగిలినా సంతకం పెట్టలేదు. ఆరు నెలల తర్వాత రమ్మంది. ఇది ప్రభుత్వం పెట్టిన నియమం కాదు, వెర్నా సొంత నియమం. చూసే చూపు, కాల్చే చెయ్యి ఎంత బాగున్నా, ఒక్కసారి పరధ్యానం వచ్చిన మనిషి ఆరు నెలలు ఆగాలి. ఇన్నేళ్లలో ఎవరికీ తగ్గించలేదు, పాస్టరుగారితో సహా.

అందరూ అందుకే ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు కూడా. వెర్నా సంతకం ఉందంటే ఆ మనిషి పక్కన కూర్చోవచ్చని ఊళ్లో నమ్మకం.

మార్లాకు అది సరదా కాదని వెర్నాకు తెలుసు. మార్లా మాజీ మొగుడు ట్రాయ్‌ను ఆమె దగ్గరికి రావద్దని కోర్టు చెప్పింది. అతను దగ్గరికి రాడు. తెల్లవారుజామున ఐదింటికి ఆమె ఒక్కతే హోటల్ తలుపు తీసే వేళకు, రోడ్డుకు అవతల తన ట్రక్కులో కూర్చుని చూస్తుంటాడు. ఎంత దూరంలో ఉండాలో కొలిచినట్టు సరిగ్గా అంత దూరంలో. డెల్మర్ వచ్చేది ఆరున్నరకు. షెరీఫ్ పోలీసులు రెండుసార్లు వచ్చి చూశారు. రోడ్డు మీద కూర్చోవడం నేరం కాదన్నారు.

మార్లా గొంతు తగ్గించింది. "నా కాగితం మీద సంతకం పెట్టండి, మిస్ వెర్నా. పద్దెనిమిది తగిలాయని మీ పుస్తకంలోనే ఉంది. మీరు సంతకం పెడితే నేను నోరు విప్పను. జూనీకి నేను చెప్పుకుంటా. మీ ఆరూ నా ఆరూ చెల్లు."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే..." మార్లా ముఖం ఎర్రబడింది. "నాకు తెలీదు. పెట్టండి, అంతే. మీకేం పోయింది?"

వెర్నా పిస్తోలు వంక చూసింది. సంతకం పెట్టడానికి ఎన్ని కారణాలో. పద్దెనిమిది నిజం. ట్రాయ్ నిజం. ఇందాక ఈ అమ్మాయి చేసినదంతా ఒక్క తప్పు లేకుండా చేసింది. ఇవన్నీ నిన్న కూడా నిజమేగా, నిన్న ఎందుకు పెట్టలేదు? నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య కొత్తగా వచ్చింది ఒక్కటే, తన భయం.

"శనివారం దాకా ఆగు," అంది. "ఫైర్ స్టేషన్ హాలుకు రా."

"అంటే పెడతారా?"

"రా, అమ్మా. వచ్చి విను."

మార్లా గడియ తీసి, కాఫీ కూజా తీసుకుని వెళ్లిపోయింది.

*

ఇంటికెళ్లి వెర్నా పిస్తోలును బీరువాలోని ఇనప పెట్టెలో పెట్టింది. తర్వాత బల్ల ముందు కూర్చుని తన పాఠం నోట్సు తీసింది. నలభై ఒక్క పేజీలు. ప్రతి ఏడాదీ ఏదో ఒకటి కలుపుతూ వచ్చింది. ఎక్కడెక్కడికి తీసుకుపోకూడదు. ఒక్క గుక్క బీరు తాగినా ఆ పూట ఎందుకు ఇంట్లో వదిలెయ్యాలి. చొక్కా ఎంత వదులుండాలి, వంగినప్పుడు ఆకారం బయటపడకుండా ఎలా వంగాలి. కారు సీటు బెల్టు ఒర మీద పడితే ఏం చెయ్యాలి. పోలీసు ఆపితే చేతులు ఎక్కడ ఉంచాలి, మొదట ఏ మాట చెప్పాలి. మనవలు ఒళ్లోకి ఎక్కితే ఏ వైపు కూర్చోబెట్టుకోవాలి. ఒక మనిషిని కాల్చాక ఆ మనిషి తల్లి ముఖం జీవితాంతం ఎలా కనిపిస్తుందో, దాని మీద నాలుగు పేజీలు.

బాత్రూమ్ గురించి ఒక్క మాట లేదు.

కావాలనే లేదు. ఆ సంగతి వెర్నాకు బాగా గుర్తుంది. పాఠం మొదలుపెట్టిన మొదటి ఏడాది, మధ్యలో విరామం అప్పుడు ఒకావిడ, బడి వంటగదిలో పనిచేసే ఆవిడ, దగ్గరికొచ్చి చెవిలో అడిగింది: "వెళ్లాల్సొచ్చినప్పుడు దీన్ని ఎక్కడ పెట్టుకోవాలండీ?" పక్కన కాఫీ పోసుకుంటున్న మగవాళ్లు విని పగలబడి నవ్వారు. ఒకడైతే కుర్చీలో కూలబడి, ఆ ఆకారం అభినయించి చూపించాడు. వెర్నా చెవులు కాలిపోయాయి. వేల మందికి పక్కలు మార్చిన నర్సు ఆవిడ, ఒళ్లు గురించి సిగ్గుపడే మనిషి కాదు. అయినా ఆ పదిమంది మగవాళ్ల ముందు సిగ్గేసింది. "ఎలాగోలా చూసుకోవాలమ్మా," అనేసి మాట మార్చింది. అప్పటినుంచి ఎవరూ అడగలేదు. ఎవరూ అడగనిది ఆమె చెప్పలేదు.

ఇరవై రెండేళ్లలో ఎంతమంది తన హాల్లోంచి సర్టిఫికెట్ తీసుకుని వెళ్లారు? వాళ్లందరూ రోజూ బాత్రూమ్‌కి వెళ్లేవాళ్లే. ప్రాణం మీదికొచ్చే క్షణం గురించి ఎనిమిది గంటలు చెప్పింది. ఆ క్షణం వాళ్లలో ఒక్కరికైనా వచ్చిందో లేదో. తనకైతే రాలేదు. రోజుకు ఐదారుసార్లు వచ్చే క్షణం గురించి మాత్రం నోరు మూసుకుంది.

గురువారం పొద్దున షెరీఫ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆయన నవ్వి తేలికగా తీసేశాడు. "ఎవరికీ ఏం కాలేదుగా, మిస్ వెర్నా. చట్టం ప్రకారం మీ మీద రాసుకోవడానికి ఏమీ లేదు. మీ నోటితో మీరే ఎందుకు చాటుకుంటారు? మిమ్మల్ని చూసేగా మావాళ్లు కూడా నేర్చుకుంటున్నారు." బయటికొచ్చాక ఆమెకు బరువు తగ్గలేదు. ఇంకొంచెం పెరిగింది.

సాయంత్రం పక్క కౌంటీలో పాఠం చెప్పే ఎవర్‌సోల్‌కు ఫోన్ చేసింది.

"నీ గొంతు ఇలా ఉండదే," అన్నాడతను. "ఎవరన్నా పోయారా, వెర్నా?"

"పోయేవాళ్లే. పోలేదు." తర్వాత మొత్తం చెప్పి, శనివారం రాగలవా అని అడిగింది.

 "నేను కిరాణా కొట్టు వెనక బాత్రూమ్‌లో మర్చిపోయా, తొంభై ఎనిమిదిలో," అన్నాడతను. "నా పెళ్లానికి కూడా చెప్పలేదు. సరే, శనివారం వస్తా."

*

శనివారం ఫైర్ స్టేషన్ హాల్లో మడత కుర్చీల మీద తొమ్మిదిమంది కూర్చున్నారు. కొత్తగా పెళ్లయిన జంట, గనిలో పనిచేసే అన్నదమ్ములు, మేకలు పెంచే ముసలి హోబర్ట్, మరో నలుగురు. వీళ్లకు ఎనిమిది గంటల పాఠం ముందే అయింది, ఇవాళ కాల్పులే మిగిలాయి. వెనక గోడకు ఆనుకుని ఎవర్‌సోల్. తొమ్మిది దాటాక మార్లా వచ్చింది, హోటల్ ఏప్రన్ కూడా తియ్యకుండా. కూర్చోలేదు. తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడింది.

వెర్నా నోట్సు తెరవలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకుంది.

"బుధవారం మధ్యాహ్నం నేను డెల్మర్ హోటల్ బాత్రూమ్‌లో నా పిస్తోలు వదిలేసి వచ్చా," అంది. "నిండుగా ఉన్న పిస్తోలు. నా తర్వాత లోపలికి వెళ్లింది ఐదేళ్ల పిల్ల. ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడం ఆ పిల్ల గొప్ప, నాది కాదు. దాన్ని తీసి, తూటాలు దింపి, భద్రంగా దాచింది మార్లా. ఈ మధ్యే నేను ఫెయిల్ చేశానే, ఆ మార్లా."

 బయట ఎవరో ఫైరింజన్ కడుగుతున్న నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఒక్కసారి పరధ్యానం వచ్చిన మనిషిని నేను ఆరు నెలలు ఆపుతా. అందుకని ఇవాళ్టినుంచి ఆరు నెలలు నేను పాఠం చెప్పను, తుపాకీ పెట్టుకోను. మీ కాల్పులు చూసి సంతకం పెట్టేది ఎవర్‌సోల్. అంతకుముందు ఒక్క పావుగంట మాత్రం నాకివ్వండి. ఇన్నేళ్లూ చెప్పని పాఠం ఒకటుంది."

గని అన్నదమ్ముల్లో పెద్దవాడు లేచాడు. "దొడ్లో మర్చిపోయే మనిషి దగ్గర నేర్చుకోడానికా శనివారం పొద్దున్నే లేచొచ్చింది?" టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. తమ్ముడు లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"పోనివ్వండి," అన్నాడు హోబర్ట్. "వాడు వాళ్లావిడనే మర్చిపోయి వెళ్లాడు ఓసారి, పెట్రోలు బంకు దగ్గర. మీరు చెప్పండి, మిస్ వెర్నా."

ఒకళ్లిద్దరు నవ్వారు. వెర్నా మడత కుర్చీ ఒకటి లాగి అందరికీ ఎదురుగా వేసుకుంది. పాఠాలకు వాడే నీలం ప్లాస్టిక్ బొమ్మ తుపాకీని ఒరలో దోపి, మామూలు ప్యాంటు మీద వదులుగా పెట్టుకున్న వెడల్పాటి బెల్టుకు తగిలించింది. అరవై మూడేళ్ల మనిషి, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, వాళ్లందరి ముందు బాత్రూమ్‌లో కూర్చున్నట్టు కూర్చుంది.

"మొదటిది. ఒరలోంచి తియ్యొద్దు. ఎంత ఇబ్బందిగా ఉన్నా ఒర నడుము నుంచి విప్పొద్దు. బెల్టు కొక్కెం ఊడదీసినా, వెంటనే మళ్లీ మోకాళ్ల దగ్గర ఆ కొక్కెం పెట్టుకోండి, ఇదిగో ఇలా. మోకాళ్లు వెడల్పు చేస్తే బెల్టు బిగుస్తుంది, ఒర నిలబడుతుంది. చూశారా? నేల మీద పెట్టొద్దు, పక్క గదివాళ్లకు కనిపిస్తుంది. తలుపు కొక్కేనికి తగిలించొద్దు. తొట్టి మీద, డబ్బా మీద, ఎక్కడా పెట్టొద్దు. మీ ఒంటి మీదో, మీ బట్టల్లోనో ఉండాలి. మర్చిపోదామన్నా మర్చిపోలేని చోట. నాలాగా సాగే ప్యాంటు వేసుకునే రోజుంటే, ఆ రోజు తుపాకీ ఇంట్లో ఉంచండి. బెల్టు పెట్టుకోలేని రోజు తుపాకీ కూడా పెట్టుకోలేని రోజే."

కొత్త పెళ్లికూతురు ముఖం చేతుల్లో దాచుకుని నవ్వుతోంది. నవ్వుతూనే చెయ్యెత్తింది. "గౌను వేసుకుంటే అండీ?"

"మంచి ప్రశ్న," అంది వెర్నా. ఆ మాట అన్నాక ఆమె చెవుల వేడి తగ్గింది. గౌను గురించి చెప్పింది. చేతిసంచీలో పెట్టుకునేవాళ్ల గురించి, ఆ సంచీని తలుపు కొక్కేనికి వేలాడదీస్తే పైనుంచి చెయ్యి పెట్టి లాక్కుపోయేవాళ్ల గురించి చెప్పింది. హోబర్ట్ తన మోకాళ్ల నొప్పులకు అలా వెడల్పు చేసి కూర్చోవడం కుదరదన్నాడు. దానికీ ఒక దారి చూపించింది. పావుగంట అన్నది ముప్పావుగంట అయింది. తమ్ముడు చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు, అన్నకు చెప్పడానికేమో.

అందరూ కాల్పుల మైదానానికి కదులుతుంటే మార్లా దగ్గరికొచ్చింది.

"సంతకం పెట్టలేదుగా," అంది.

"పెట్టలేదు. ఇక పెట్టే అధికారం నాకు లేదు కూడా. ఎవర్‌సోల్‌కు నా నియమం వర్తించదు. నువ్వు పాఠం విన్నావు, అతను కాల్చమంటాడు, తగిలితే సంతకం పెడతాడు. అతనికి అడ్డం చెప్పను."

మార్లా మైదానం వైపు చూసింది. ఎవర్‌సోల్ గురి బొమ్మలు నిలబెడుతున్నాడు. "నేను సిద్ధంగా ఉన్నానా, మిస్ వెర్నా? కోపం మీద కాదు, నిజంగా అడుగుతున్నా."

వెర్నా నీలం బొమ్మ తుపాకీని ఒరతో సహా బెల్టు నుంచి తీసింది. "బుధవారం నువ్వు చేసినంత చక్కగా నేను కూడా చెయ్యలేను. ఆ రోజు మైదానంలో వెనక్కి తిరిగిందీ నువ్వే. నాకైతే తెలీదమ్మా. ఇరవై రెండేళ్లున్నా నేను సిద్ధంగా లేనని బుధవారమే తెలిసింది."

"నిన్న జూనీ అడిగింది," అంది మార్లా. "'మనింట్లో కూడా సబ్బు పక్కన ఉంటుందా?' అని. దాని కోసమేగా నేను కొందామనుకుంది! దాని కోసం కొనే వస్తువు అది ఉన్న గదిలో... నేను దానికేం చెప్పలేదు. దానికి జవాబు చెప్పేదాకా కొనను. ఇవాళ కాల్చను."

"మరి సోమవారం తెల్లవారుజామున?"

మార్లా నవ్వింది, నవ్వులా లేని నవ్వు. "సోమవారం ఎప్పట్లాగే. తాళంచెవి వేళ్ల సందులో పెట్టుకుని."

వెర్నా కాస్త ఆలోచించింది. "నేనొస్తా," అంది.

"వచ్చి? మీ దగ్గర కూడా ఏం ఉండదుగా!"

"ఉండదు. అయినా వస్తా."

*

సోమవారం ఐదింటికి పది నిమిషాల ముందు వెర్నా కారు హోటల్ ముందు ఆగింది. ఏటి మీద మంచు తెరలా కప్పి ఉంది. కొండ అంచు మీద ఇంకా వెలుగు రాలేదు. రోడ్డుకు అవతల ట్రక్కు అప్పటికే ఉంది. లోపల సిగరెట్టు నిప్పు ఒకసారి వెలిగి తగ్గింది.

 గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఎన్నో ఏళ్ల కిందట, నర్సుగా తిరిగే రోజుల్లో, ఒక తాగుబోతు ఆమెను కొండ ఇంట్లో గంటసేపు బయటికి వెళ్లనివ్వలేదు. ఆ మర్నాడే తుపాకీ కొనుక్కుంది. మళ్లీ ఎప్పుడూ ఇలా గుండె కొట్టుకోలేదు. తనకు ధైర్యం వచ్చిందనే ఇన్నాళ్లూ అనుకుంది. ఈ అమ్మాయి మాత్రం ప్రతి పొద్దునా ఈ గుండెతోనే లేచి వస్తోంది, తర్వాత రోజంతా నవ్వుతూ కాఫీ పోస్తోంది.

మార్లా పాత కారు వచ్చి పక్కన ఆగింది. వెనక సీట్లో జూనీ దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది.

వెర్నా తన కారు దీపాలు ఆర్పలేదు. అవి సూటిగా ట్రక్కు మీద పడేట్టు కారు తిప్పి ఆపి ఉంచింది. ఫోన్ చేతిలో పట్టుకుని దిగింది. షెరీఫ్ ఆఫీసు నంబరు తెర మీదే ఉంది. జూనీని ఎత్తుకున్న మార్లా తాళం తీస్తుంటే, ఆమెకూ రోడ్డుకూ మధ్య వెర్నా నిలబడింది. వీపు మార్లా వైపు, ముఖం ట్రక్కు వైపు.  కాళ్లు నేలకు గట్టిగా తొక్కిపెట్టింది.

ట్రక్కు కిటికీ దిగింది. "పొద్దున్నే తమరికిక్కడేం పని, మిస్ వెర్నా?" అన్నాడు ట్రాయ్.

"కాఫీ తాగడానికొచ్చా, ట్రాయ్. మీ అమ్మ కాలి పుండు మానిందా?"

 "మానింది," అన్నాడతను. కిటికీ పైకి పోయింది. ఇంకా రెండు నిమిషాలు అక్కడే ఉన్నాడు. ఆ రెండు నిమిషాలూ వెర్నా కూడా అక్కడే ఉంది. తర్వాత ఇంజను మోగి, ట్రక్కు ఏటి రోడ్డు పట్టింది.

లోపలికెళ్లి మార్లా గడియ పెట్టింది. జూనీని మూల బెంచీ మీద పడుకోబెట్టి పొయ్యి వెలిగించింది. 

"రేపు మళ్లీ వస్తాడు," అంది మార్లా.

"వస్తాడు. నేనూ వస్తా. ఎల్లుండి హోబర్ట్ వస్తానన్నాడు, వాడి మేకల కుక్కతో. గురువారం పాస్టరుగారి భార్య. చూద్దాం, ఎన్ని రోజులు ఇంతమంది ముందు కూర్చుంటాడో."

"భయమేసిందా మీకు?"

"వేసింది," అంది వెర్నా.

మార్లా రెండు కప్పుల్లో కాఫీ పోసి ఒకటి ఆమె ముందు పెట్టింది. వెర్నా కప్పు ఎత్తబోతే ఒలికింది.  మార్లా గుడ్డ తెచ్చి బల్ల తుడిచి, ఆమె చెయ్యి మీద తన చెయ్యి పెట్టి అలాగే ఉంచింది.